జెంటిల్, జెంటూ

ఇంగ్లీషులో 'జెంటిల్' అంటే సౌమ్యమైన, మృదువైన అని మనందరికీ తెలుసు. ఒకప్పుడు మద్రాసులోని ఇంగ్లీషువారు మన భాషకు పెట్టిన 'జెంటూ' అనే పేరు దానికి దాయాది అని తెలిసినవారు తక్కువ.

రెండింటికీ మూలం లాటిన్ 'జెన్స్'. అంటే వంశం. ఒకే వంశానికి చెందినవాడు 'జెంటిలిస్'. ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులోకి వచ్చిన శాఖలో దానికి సద్వంశంలో పుట్టినవాడనే అర్థం స్థిరపడింది. కులీనులకు ఉండవలసిన నడవడి మీదుగా అది సౌమ్యత అనే అర్థానికి చేరింది. 'జెంటిల్‌మన్' ఈ శాఖలోదే. క్రైస్తవుల లాటిన్‌లో అదే మాట యూదులు కాని జాతులకు, తర్వాత అన్యమతస్థులకు పేరయింది. పోర్చుగీసువారు హిందువులను ముస్లిములనుంచి వేరుచేసి చెప్పడానికి దాన్ని వాడారు. ఇంగ్లీషువారి నోట అది 'జెంటూ' అయింది. 1776లో వెలువడిన హాల్‌హెడ్ జెంటూ ధర్మశాస్త్ర గ్రంథంలో జెంటూ అంటే హిందువు. మద్రాసులో మాత్రం తెలుగువాడు, తెలుగు భాష. తమిళాన్ని అక్కడ 'మలబారు' అనేవారు.

ఈ తేడా ఎందుకు వచ్చింది? యూల్, బర్నెల్ 1886లో ప్రచురించిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు, పోర్చుగీసువారు వచ్చేనాటికి విజయనగరపు తెలుగు ప్రభుత్వం ప్రబలంగా ఉండటం కారణం కావచ్చునంటుంది. ఈ ఊహ మనకు ఇంపుగానే ఉంటుంది కాని, చాలదు. విజయనగర శాసనాలు కన్నడ, తమిళ, సంస్కృత భాషల్లోనూ ఉన్నాయి. దాన్ని తెలుగు ప్రభుత్వమని మాత్రమే అనడం తొందరపాటు. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టారు. 1639లో వారికి మద్రాసు స్థలమిచ్చిన దామర్ల నాయకులూ తెలుగువారే. వర్తకంలో, పాలనలో మొదట ఎదురుపడిన హిందువులు తెలుగువారు కావడంవల్ల ఆ పేరు వారికి అంటుకుందనడం ఎక్కువ సమంజసంగా తోస్తుంది.

కనుక 'అన్యమతస్థుడు' అనే వ్యుత్పత్తి చూసి చిన్నబుచ్చుకోనక్కరలేదు. 'జెంటిల్‌మన్'కు చుట్టమని పొంగిపోనూ అక్కరలేదు. మాట పుట్టుకతోనే అర్థం తేలదు. ఎవరు, ఎక్కడ, ఎవరిని ఉద్దేశించి వాడారో చూడాలి.

1816లో క్యాంబెల్ తన వ్యాకరణానికి 'తెలుగు' అనే పేరే పెట్టి, దాన్ని సాధారణంగా జెంటూ అంటారని పక్కన చేర్చాడు. ఆ గ్రంథ పీఠికకు రాసిన వ్యాఖ్యలోనే ఎల్లిస్, తెలుగు సంస్కృతజన్యం కాదనీ, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబానికి చెందిందనీ ఉదాహరణలతో చూపాడు. కాల్డ్వెల్ ద్రావిడ వ్యాకరణం వచ్చింది 1856లో, నలభై ఏళ్ల తర్వాత. తమిళ, కన్నడ దేశాల్లో తెలుగు చదువుతున్న విద్యార్థులు జెంటూ అనే మాట మరిచినా నష్టంలేదు. ఇరుగుపొరుగు భాషలతో మన భాషకున్న ఈ బంధుత్వాన్ని మరవరాదు.