ఒకే 88, రెండు కుక్కలు

అమెరికన్ కెన్నెల్ క్లబ్ ర్యాలీ రింగులో జడ్జి ఎక్కువ మాట్లాడరు. సిద్ధమేనా అని అడిగి "ఫార్వర్డ్" అంటారు, అంతే. ఆపైన మనిషి, ఎడమ పక్కన కుక్క, వరస నంబర్లతో నిలబెట్టిన బోర్డులు చదువుకుంటూ సాగిపోవాలి. ఒక బోర్డు కుడికి తిరగమంటుంది, ఇంకొకటి కోన్‌ల మధ్య మెలికలు తిరగమంటుంది, మరొకటి ఆగి కుక్కను కూర్చోబెట్టమంటుంది. ఒబీడియెన్స్ పోటీల బిగువును కాస్త సడలించి చార్లెస్ 'బడ్' క్రేమర్ రూపమిచ్చిన ఈ ఆటకు కెన్నెల్ క్లబ్ 2005 జనవరి నుంచి టైటిల్స్ ఇస్తోంది. నడుస్తూ కుక్కతో మాట్లాడొచ్చు, మెచ్చుకోవచ్చు, చెప్పిన మాటే మళ్లీ చెప్పొచ్చు. తిండి చూపించకూడదు, చేత్తో తాకి సరిచేయకూడదు. బయటి నుంచి చూస్తే ఇంత స్నేహంగా కనబడుతుంది కాబట్టే, ఎంట్రీ ఫారంలో క్లాసు గడి దగ్గరికొచ్చేసరికి తొందరపడడం తేలిక.

మన బండలాగుడు పోటీల్లో ఏ విభాగమన్న ఈ చిక్కు లేదు. ఎద్దు నోరు తెరిచి చూస్తే పాలపళ్లా, రెండు పళ్లా, నాలుగా, ఆరా తెలిసిపోతుంది. ఆ జత ఏ విభాగంలో దిగాలో చాలావరకు అక్కడే తేలుతుంది. కుక్క నోట్లో ర్యాలీ క్లాసు కనబడదు. రూలు పుస్తకంలోనూ సగమే కనబడుతుంది, ఎందుకంటే ఆ పుస్తకం రెండు వేరు వేరు సంగతులను ఒకే గడిలో కలిపి అడుగుతుంది. మొదటిది క్లాసు పేరు చివరి ఎ, బి అక్షరాలు, అవి గతానికి సంబంధించినవి. మొదటి లెవెల్ అయిన నోవీస్‌లో ఎ అంటే ఇంతకుముందు ఏ కుక్కకూ ర్యాలీ టైటిల్ తేని మనిషి తన సొంత కుక్కనో, ఇంట్లోవాళ్ల కుక్కనో నడిపించే క్లాసు. మిగిలినవాళ్లకు నోవీస్ బి. పైకి వెళ్లాక అడ్వాన్స్‌డ్‌లో ఆ అక్షరాలు కుక్క గతం అడుగుతాయి, ఒబీడియెన్స్ టైటిల్ ఉన్న కుక్కకు ఎ కుదరదు. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు, చదివి పాటించడమే. అర్హత లేని క్లాసులో ఎంత బాగా చేసినా ఆ స్కోరు లెక్కలోకి రాదు. బుర్ర పెట్టాల్సింది రెండో సంగతి దగ్గర, అంటే లెవెల్ దగ్గర. నోవీస్ కోర్సులో 10 నుంచి 15 బోర్డులు, మొత్తం లీష్ మీదే. అడ్వాన్స్‌డ్‌లో 12 నుంచి 17, లీష్ ఉండదు, ఒక జంప్ దాటాలి. ఎక్సలెంట్‌లో 15 నుంచి 20 బోర్డులు, రెండు జంప్‌లు. 2017 నవంబరులో నోవీస్‌కూ అడ్వాన్స్‌డ్‌కూ మధ్య ఇంటర్మీడియట్, అన్నిటి పైన మాస్టర్ చేరాయి. నోవీస్ టైటిల్ చేతికి రాగానే అడ్వాన్స్‌డ్‌కు అర్హత వచ్చేస్తుంది. అర్హత వచ్చిందంటే తలుపు తీశారని మాత్రమే అర్థం. లోపలికి వెళ్లే వేళయిందని కాదు.

తలుపు ఎంత సులువుగా తెరుచుకుంటుందో చూడాలి. ర్యాలీలో అందరూ 100తో మొదలుపెడతారు, తప్పు చేసినప్పుడల్లా పాయింట్లు పోతాయి. చివరికి 70 మిగిలితే పాస్. కనీసం ఇద్దరు జడ్జీల దగ్గర అలా మూడుసార్లు పాసైతే నోవీస్ టైటిల్. 30 పాయింట్ల వెసులుబాటు కొత్తవాళ్లకు ధైర్యమిచ్చే మంచి ఏర్పాటే, కాకపోతే అదే చాలా సంగతులు దాచేస్తుంది. రెండు కుక్కలను ఊహించుకుందాం, రెండింటికీ 88 వచ్చింది. మొదటి జంటలో యజమాని ఒక బోర్డు తప్పు చదివి కుడికి బదులు ఎడమకు తిరిగారు, 10 పోయాయి. కుక్క రెండుసార్లు వంకరగా కూర్చుంది, ఇంకో రెండు పోయాయి. రెండో జంట ఒక్క బోర్డూ తప్పలేదు. కానీ ఒకచోట లీష్ బిగుసుకుంది, ఇంకోచోట కుక్క ఆలస్యంగా కూర్చుంది, మరోచోట పక్కకు జరిగి వాసన చూసింది. ఇలా కోర్సు పొడవునా ఒక్కో పాయింటు చొప్పున 12 పోయాయి. కాగితం మీద ఇద్దరూ సమానమే. మొదటి కుక్క రేపే లీష్ తీసినా నిలబడుతుంది. రెండో కుక్కను రింగులో నిలబెట్టింది లీషే, ఆ 88లో సగం దాని సంపాదన. క్లాసు ఎంచుకునేటప్పుడు స్కోరు ఎంతని కాదు, పోయిన పాయింట్లు ఎవరి ఖాతాలో పోయాయని చూడాలి. మనిషి తప్పులు కోర్సు మ్యాపు ఇంకోసారి చదివితే తగ్గుతాయి, అందుకే పోటీకి ముందు కుక్క లేకుండా కోర్సంతా నడిచి చూసుకునే వీలు ఇస్తారు. కుక్క తప్పులు నెలల సాధనతో గానీ తగ్గవు.

కుక్క లీష్ మీద ఎంత ఆధారపడుతోందో పసిగట్టడానికి నోవీస్‌లోనే ఒక మంచి బోర్డు ఉంది. ఆగాలి, కుక్క కూర్చోవాలి. ఒక అడుగు వేసి మళ్లీ ఆగాలి, మళ్లీ కూర్చోవాలి. తర్వాత రెండడుగులు, తర్వాత మూడు, ప్రతిసారీ అదే. అక్కడ యజమాని ఎడమ చేతిని చూడండి. కాలు కదిపిన క్షణంలో లీష్ కింది వంపు అలాగే వేలాడుతూ ఉంటే కుక్క మనిషి కాలును చూసి లేచిందన్నమాట. వంపు సాగి తాడులా తిన్నగా అయి, ఆ తర్వాతే కుక్క లేస్తే అది కాలును కాదు, మెడ దగ్గరి లాగుడును అనుసరిస్తోంది. ఒక్క అడుగులోనే ఇంత తెలుస్తుంది. జడ్జికి అది ఒక పాయింటు, మనకు అంతకన్నా చాలా ఎక్కువ.

సిద్ధమయ్యేదాకా కింది క్లాసులోనే ఉందామంటే వచ్చే మొదటి అభ్యంతరం న్యాయమైనదే: బాగా వచ్చిన కుక్కను కింది క్లాసులో ఉంచితే కొత్తవాళ్ల రిబ్బన్లు కొట్టేసినట్టు కాదా? మొదటి నాలుగు స్థానాలకు రిబ్బన్లు ఉంటాయి, నిజమే. కానీ టైటిల్‌కు స్థానంతో పని లేదు, 70 చాలు. పక్క కుక్కకు 100 వచ్చినంత మాత్రాన మన 74 చెల్లకుండా పోదు. పైగా అనుభవజ్ఞులను నోవీస్ ఎ నుంచి రూలే బయట ఉంచింది. ఇక రిబ్బన్ల కోసమే కింద కూర్చునేవాళ్లు ఉంటారా అంటే ఉంటారు. వాళ్ల జబ్బు వేరు, దానికి మందు ఈ వ్యాసంలో లేదు.

రెండో అభ్యంతరం ఇంటర్మీడియట్ మీద. తప్పనిసరి కాని క్లాసుకు ఫీజూ, పెట్రోలూ ఎందుకు దండగ అంటారు. నోవీస్ నుంచి నేరుగా అడ్వాన్స్‌డ్‌కు దూకితే ఒకేసారి మూడు మారతాయి: బోర్డులు కష్టమవుతాయి, లీష్ పోతుంది, జంప్ వస్తుంది. కుక్క తడబడితే మూడింటిలో దేని వల్లో చెప్పలేం. ఇంటర్మీడియట్‌లో అడ్వాన్స్‌డ్ స్థాయి బోర్డులు వస్తాయి, లీష్ ఉంటుంది, జంప్ ఉండదు. అంటే ఒక్కటే మారుతుంది. పైన చెప్పిన మొదటి కుక్కకు ఈ మెట్టు అక్కర్లేదు, దాన్ని దాటించేయొచ్చు. రెండో దానికి దాటించడం నేల విడిచి సాము చేయించడమే.

పడి లేస్తేనే నేర్చుకుంటుంది కదా, పై క్లాసులో దింపి చూద్దాం అనేవాళ్ల మాట కొట్టిపారేయలేను. మనిషి విషయంలో అది చాలావరకు నిజం. కుక్క మాత్రం పడినప్పుడు వేరే పాఠం నేర్చుకుంటుంది. రింగులో తిండి లేదు, చేత్తో సరిచేయడం లేదు, ఇప్పుడు లీష్ కూడా లేదు. వాసన కోసం పక్కకు వెళ్లిన కుక్కకు ఆ వాసనే బహుమానం, అడ్డుకునేదేమీ లేదు. ఆ చుట్టుతాళ్ల లోపల మాట వినక్కర్లేదని అది గట్టిగా గుర్తుపెట్టుకుంటుంది. కుక్కలు చోటును బట్టి నేర్చుకునే జీవులు కాబట్టి, పెరట్లో ఎంత బుద్ధిగా ఉన్నా రింగు దగ్గరికొచ్చేసరికి ఆ పాత జ్ఞాపకమే ముందుకొస్తుంది. దాన్ని చెరపడానికి పట్టే కాలం నోవీస్‌లో ఇంకో రెండు పోటీలు ఆడే కాలం కంటే ఎక్కువే.

అలాగని లీష్‌ను ఊతకర్రగా ఏళ్ల తరబడి మోయడం కూడా మంచిది కాదు. చేతిలో ఉన్నంతకాలం మన వేళ్లు మనకు తెలియకుండానే సాయం చేస్తూనే ఉంటాయి. వాటిని నమ్మకుండా చూసుకునే ఏర్పాటొకటి ఉంది. పై క్లాసుల్లో కోన్‌ల చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో నడిపించే బోర్డులో, దారి పక్కన కుక్కకు అందకుండా మూత పెట్టిన తిండి గిన్నెలు గానీ బొమ్మలు గానీ ఉంచుతారు. అదే ఏర్పాటు తెలియని ఒక మైదానంలో పెట్టి, లీష్ చివరను చేత్తో పట్టుకోకుండా నడుముకు దోపుకుని నడవండి. కుక్క ముక్కు గిన్నె వైపు తిరుగుతుంది, తిరగాలి కూడా, అది కుక్క. ఆ ముక్కు తనంతట తాను వెనక్కి వచ్చేదాకా లీష్ వంపు సాగకుండా ఉంటే అడ్వాన్స్‌డ్ గడిలో టిక్కు పెట్టొచ్చు.