రేకుల గుడికి ఒక పేజీ

ఆ పేజీ తెరవగానే కనపడేది గేటు. సిలువ కాదు, పావురం కాదు, కొండ వెనక పొద్దుపొడుపు బొమ్మ అసలే కాదు. నీలం రంగు ఇనప గేటు, పక్కన కరెంటు స్తంభం, స్తంభానికి ఎవరిదో ట్యూషన్ సెంటర్ ఫ్లెక్సీ. కింద రెండే లైన్లు: ఆదివారం ఆరాధన పొద్దున 10.30కు, శుక్రవారం ఉపవాస ప్రార్థన 11కు. ఇంకాస్త జరిపితే మూడు బటన్లు. దారి చూపేది ఒకటి, ఫోన్ కలిపేది ఒకటి, పోయిన ఆదివారం వాక్యం (పాస్టరు ప్రసంగం) వినిపించేది ఒకటి. ఫొటోలూ పాటలూ అన్నీ వాటి కిందే.

లక్సెట్టిపేటలో నేషనల్ హైవే 63 మీంచి లోపలికి తిరిగే సందుల్లో ఒకదాంట్లో ఉంది ఆ గుడి. రేకుల కప్పు, నలభై ఇళ్ల సంఘం. ఈ వైపు క్రైస్తవులు చర్చిని గుడి అనే అంటారు, నేనూ అట్లే రాస్తున్నాను.

"గేటు ఫొటో ఏంది తమ్మీ, లోపల అంత మంచిగ అలంకరించుకుంటే?" అని ఆ పేజీ చేసిన కుర్రాణ్ని అడిగాను.

"ప్రభువును వెతుక్కుంటనే వస్తరు సార్. సందుల పొంట తిరిగి తిరిగి వాళ్లకు దొరకనిది గేటే."

పేరు రాయొద్దన్నాడు, రాయను. మంచిర్యాలలో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనరు. పగలంతా పుట్టినరోజు శుభాకాంక్షలు, నాయకుల దండాలు. రాత్రిళ్లు గుళ్లకు ఇట్లాంటి పేజీలు చేసే పని. ఫ్లెక్సీలో కాస్త ఖాళీ జాగా కనపడితే కస్టమరు ఊరుకోడు, ఇంకో ఫొటో ఇరికించమంటాడు. ఆ కసి అంతా ఈ పేజీల మీద తీర్చుకుంటున్నాడని నా అనుమానం. వీటిలో ఖాళీ జాగాకు కొదవ లేదు.

పెద్ద గుళ్లకు గేటు బాధ లేదు. పోస్నెట్ దొర కట్టించిన మెదక్ చర్చిని 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. ఎత్తైన గోపురమే దానికి అడ్రసు. 1978లో ఏర్పడ్డ కరీంనగర్ డయాసిస్ కింది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) గుళ్లకు బోర్డుంది, రిజిస్టరుంది. లక్సెట్టిపేటలోని పాత సీఎస్ఐ గుడికి పోవాలంటే ఆటో ఎక్కి చర్చి అంటే చాలు. కష్టమంతా కిరాయి గదుల్లో నడిచే సంఘాలది. ఇంటాయన ఖాళీ చేయమంటే సంఘం అదే, పాస్టరు ఆయనే, గేటు మారిపోతుంది. ఈ సంఘానికే రెండుసార్లు మారింది.

అందుకే ఈ కుర్రాడు మొదట పట్టుకునేది పేజీని కాదు, మ్యాపును. గూగుల్ మ్యాప్స్‌లో గుడి పేరును సంఘం చేతికి తెచ్చుకోవాలంటే ఇప్పుడు చాలాచోట్ల వీడియో తీసి పంపమంటారు. వీధి కనపడాలి, బోర్డు కనపడాలి, లోపలికి పోయే హక్కు మనదేనని కనపడాలి. పాస్టర్ అయ్యగారు తాళంచెవి పట్టుకుని నడుస్తుంటే, వెనక ఇతను ఫోన్ పట్టుకుని సందు మొదలు నుంచి తాళం తీసేదాకా ఆపకుండా తీశాడట. రెండోసారి గుడి మారినప్పుడు కొత్త పేరు పెట్టలేదు, పాతదాన్నే జరిపాడు. కొత్తది పెడితే పాతది మ్యాపులో అట్లాగే ఉండిపోతుంది. బైబిలు చంకన పెట్టుకుని వచ్చినవాళ్లు ఇప్పుడు ఆ ఇంట్లో కాపురముంటున్న వాళ్ల తలుపు కొడతారు. కొట్టారు కూడా.

ఇక అక్షరాలు. ఇక్కడ కొంచెం ఆగాలి.

గుడి కరపత్రాలన్నీ డీటీపీ షాపులో అను ఫాంట్లలో చేయించినవి. ఆ ఫాంట్లు తెలుగు ఆకారాల్ని ఇంగ్లిషు అక్షరాల కుర్చీల్లో కూర్చోబెడతాయి. కాగితం మీద ముచ్చటగా ఉంటాయి. కాపీ చేసి ఫోన్లో అతికిస్తే ఇంగ్లిషు అక్షరాలూ చుక్కలూ గీతలూ కలిసిన గందరగోళం. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు సొంత కుర్చీలు దక్కాయి గానీ ప్రెస్సుల దాకా ఆ సంగతి చాలా ఆలస్యంగా వచ్చింది. మార్చిపెట్టే సాధనాలున్నాయి. ఇతను వాటిని వాడతాడు, నమ్మడు. మార్చిన ప్రతి ముక్కనూ పైకి చదువుతాడు. క్రీస్తు అన్న రెండక్షరాల మాట యూనికోడ్‌లో ఎనిమిది గింజల దండ: క, పొల్లు, ర, గుడి దీర్ఘం, స, పొల్లు, త, కొమ్ము. ఒక్క గింజ అటూ ఇటూ అయినా కంటికి దాదాపు అట్లాగే కనపడొచ్చు, వెతికితే మాత్రం దొరకదు.

కంటికి కనపడని అక్షరం ఇంకొకటుంది. పాస్టర్ పక్కన గారు చేర్చి కొడితే ఫోను రకు గ ఒత్తు తగిలించి పాస్టర్గారు అంటుంది. రెండింటి మధ్య వెడల్పు లేని ఒక విడదీత పెడితే పాస్టర్‌గారు అవుతుంది. చదివేవాడికి అది ఉన్నట్టే తెలియదు, లేకపోతే పంటికింద రాయి. అతని పేజీల్లో ఈ రాయి కోసం పనిగట్టుకుని వెతికాను. దొరకలేదు.

ఊరి పేరు దగ్గర చేసిన పని మరీ నచ్చింది. సగం మంది లక్సెట్టిపేట అని రాస్తారు, సగం మంది లక్షెట్టిపేట అని. ఇంగ్లిషులో అయితే మొదటి అక్షరం తర్వాత యు రాసేవాళ్లు కొందరు, ఏ రాసేవాళ్లు కొందరు. ఏది రైటో తేల్చే పని పెట్టుకోలేదు. తెలుగు రూపాలు రెంటినీ సహజంగా వచ్చేట్టు వాక్యాల్లో పెట్టాడు: బోర్డు మీద ఉన్నట్టు ఒకచోట, అడ్రసులో ఉన్నట్టు ఇంకోచోట. వెతికేవాడు ఏ రకంగా కొట్టినా గేటు దగ్గరికే వస్తాడు.

అక్షరాల కొలతకు అతని గీటురాయి ఒక్క మాట: స్త్రీల మైత్రి, అంటే గుడిలో ఆడవాళ్ల కూటం. స్త్రీకి కింద రెండు ఒత్తులు, పైన గుడి దీర్ఘం. ఇంగ్లిషుకు సరిపోయే లైన్ల ఎడం పెడితే ఆ ఒత్తులు కింది లైను నెత్తిన కూర్చుంటాయి. అక్షరం ఎత్తుకు 1.7 రెట్లు ఎడం ఇచ్చి, ఆ మాట ఊపిరి పీల్చుకునేదాకా చూస్తాడు. ఫాంటు మండలి. పురుషోత్తం కుమార్ గుత్తుల గీయగా సిలికానాంధ్ర ఉచితంగా అందరికీ వదిలింది. 1975లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావు పేరు పెట్టుకుంది. దివిసీమ నాయకుడి పేరున్న అక్షరాలు గోదావరి ఒడ్డున రేకుల గుడిలో పని చేస్తున్నాయి.

వాక్యం వినే బటన్ ఎవరికోసమో మొదట నాకు అర్థం కాలేదు. ఊళ్లో వాళ్లు గుడికే వస్తారుగా. లక్సెట్టిపేటకూ గల్ఫుకూ ఉన్న చుట్టరికం మరిచిపోయి అడిగిన ప్రశ్న అది. ఇక్కడ 10.30 అంటే దోహాలో ఎనిమిది. అక్కడ ఆదివారం పని దినం. సౌదీలో చర్చిలే లేవు. క్యాంపులో పై మంచం మీద పడుకుని ఇయర్‌ఫోన్ పెట్టుకునేవాడి కోసం ఆ బటన్. నలభై నిమిషాల వాక్యం ఫోన్లో మామూలుగా రికార్డయితే దాదాపు 40 ఎంబీ. దాన్ని ఒకే చానల్‌కు, 32 కేబీపీఎస్‌కు దించితే 10 ఎంబీ లోపు వస్తుంది. పాటకు చాలదు గానీ మాటకు పుష్కలం. ఫ్యాను రొద తీసేస్తాడు. వెనక వరుసలో చంటిపిల్ల ఏడుపు మాత్రం తీయడు.

"అది తీస్తే స్టూడియోల చెప్పినట్టుంటది సార్. వాళ్లకు కావాల్సింది ఊరు."

పాటల విషయంలో చాదస్తం. ఎవరి ట్రాకు మీదో పాడిన పాట పెట్టడు. క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌధరి 1890లో పోయారు. రచయిత పోయిన అరవై ఏళ్లకు మన చట్టంలో హక్కు తీరుతుంది కాబట్టి ఆయన కీర్తనలు ఎవరైనా పాడుకోవచ్చు. వాటిని అమ్మలు డోలక్ మీద పాడితే రికార్డు చేసి పెడతాడు.

పేజీలో మనుషుల ముఖాలు లేవు. ఆరాధన ఫొటోలన్నీ వెనక నుంచి తీసినవి: కొంగులు, జడలు, బట్టతలలు, ఎత్తిన చేతులు. మొదట ఇది కళాత్మకత అనుకున్నాను. కాదు. ఇంట్లో చెప్పకుండా వచ్చేవాళ్లుంటారు. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణలు కలిపి చూస్తే ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే. క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలు మన దగ్గర బీసీ-సీ. గుళ్లో కూర్చున్న ఒక ముఖం మండలాఫీసులో ఎట్లాంటి ప్రశ్నగా మారుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. ఆ న్యాయాన్యాయాలు పెద్ద చర్చ. ఫొటో తీసేవాడు ఎవరి బతుకు మీదా తన కెమెరాతో తీర్పు చెప్పకూడదన్నది ఇతని లెక్క, నాకూ అదే సబబనిపించింది. ప్రార్థన కోరేవాళ్ల జబ్బులూ పేర్లూ కూడా పేజీ మీదికి రావు. నేరుగా అయ్యగారి ఫోనుకు పోతాయి.

కానుకల క్యూఆర్ కోడ్ పేజీలో ఎక్కడా లేదు. అడిగితే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అన్నాడు. విదేశీయుల దగ్గర్నుంచి రూపాయి తీసుకోవాలన్నా ఆ చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. భారత పౌరుడు గల్ఫులో సంపాదించిన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. కానీ కోడ్ స్కాన్ చేసేవాడు ఎవరో పేజీకి తెలియదు కదా. "తెలిసినోళ్లు అయ్యగారికి ఫోన్ చేసి పంపుకుంటరు" అని ముగించాడు.

ఈ జాగ్రత్తలన్నీ పుస్తకంలో చదివి నేర్చినవి కావు. 2020లో గుడ్ ఫ్రైడే, ఈస్టర్ రెండూ లాక్‌డౌన్‌లో పడ్డప్పుడు ఈ సంఘానికి ఎవరో సైటు చేసిపెట్టారు. సైటు పేరు ఆయన సొంత మెయిల్ మీద రిజిస్టరు చేశారు. ఆయన దుబాయి పోయారు, ఏడాది తిరిగింది, రెన్యువల్ డబ్బులు ఎవరూ కట్టలేదు. ఇంకెవరో ఆ పేరు కొనుక్కున్నారు. వాక్యం విందామని తెరిచిన ముసలమ్మకు ఆన్‌లైన్ రమ్మీ కనపడింది. ఇప్పుడు పేరు సంఘం మెయిల్ మీద ఉంది, పాస్‌వర్డు కానుకల రిజిస్టరు ఉండే బీరువాలో కాగితం మీద ఉంది, రెన్యువల్ తేదీ గోడ క్యాలెండరులో ఎర్ర సిరాతో ఉంది.

ఒక్కచోట ఓడిపోయాడు. పేజీ పైన ఎర్ర అక్షరాల స్వాగతం కుడి నుంచి ఎడమకు పరుగెత్తాలని అయ్యగారి పట్టు. చివరికి క్రిస్మస్ వారంలో మాత్రమే పరుగెత్తేట్టు రాజీ కుదిరింది. నేను డిసెంబరులో చూశాను. బాగాలేదు.

అసలు పనితనం అతను చేయి వదిలేసే తీరులో ఉంది. వేళలు పేజీలో రాసి లేవు. ఒక ఆన్‌లైన్ షీటులో ఉన్నాయి, పేజీ అక్కణ్నుంచి తెచ్చుకుంటుంది. మార్చాలంటే ఇతణ్ని పిలవక్కర్లేదు. మొన్న నేను వెళ్లిన రోజు శుక్రవారం ప్రార్థన ఒంటిగంటకు మార్చాల్సి వచ్చింది. పాస్టరమ్మగారు కళ్లజోడు పెట్టుకుని, వేలితో ఒక్కో అక్షరం నొక్కుతూ ఆ గడి నింపారు. నా ఫోన్లో పేజీ మళ్లీ తెరిస్తే మారిపోయి ఉంది: శుక్రవారం ఉపవాస ప్రార్ధన, మధ్యాహ్నం 1కి.

థ బదులు ధ పడింది. పక్కనున్న కుర్రాడూ చూశాడు. చేయి ఫోను దాకా పోయి ఆగింది.

"మంచిగొచ్చింది అమ్మగారూ" అన్నాడు.

బయటికొచ్చాక అడిగాను, "సరిచేస్తవా మరి?"

"అమ్మగారు పండుకున్నంక" అన్నాడు బండి స్టార్ట్ చేస్తూ.