ఏడో ఒలింపిక్స్‌లో వెండి

2014 ఫిబ్రవరి 15న రష్యాలోని సోచీలో స్కీ జంపింగ్ పెద్ద కొండ పోటీ జరిగింది. జపాన్ ఆటగాడు నోరియాకి కసాయ్ రెండు దూకుల్లో 139, 133.5 మీటర్లు వెళ్లాడు. పోలండ్‌కు చెందిన కమిల్ స్టోహ్ వెళ్లింది 139, 132.5 మీటర్లు. స్వర్ణం మాత్రం స్టోహ్‌కే దక్కింది. మీటరు దూరం ఎక్కువ వెళ్లిన నోరియాకి 1.3 పాయింట్ల తేడాతో వెండి అందుకున్నాడు. అప్పటికి అతని వయసు 41. అది అతని ఏడో ఒలింపిక్స్. సొంతంగా గెలిచిన ఒలింపిక్ పతకం అదే మొదటిది.

ఎక్కువ దూరం దూకినవాడు ఓడిపోవడమేమిటి? మంచంటే సినిమా పాటల్లో కశ్మీర్‌ను చూసి మురిసిన మనకు ఈ లెక్క వింతగానే ఉంటుంది. ప్రతి కొండ వాలు మీదా ఒక గీత ఉంటుంది, దాన్ని కె పాయింట్ అంటారు. అక్కడ దిగితే 60 పాయింట్లు. పెద్ద కొండ మీద అయితే ఆ గీత దాటిన ప్రతి మీటరుకూ 1.8 పాయింట్లు కలుస్తాయి, తగ్గిన ప్రతి మీటరుకూ అంతే పోతాయి. ఇంకోవైపు ఎగిరిన, దిగిన తీరుకు ఐదుగురు జడ్జీలు తలా 20కి మార్కులు వేస్తారు. అందులో అన్నిటికన్నా ఎక్కువా తక్కువా పక్కనబెట్టి మిగతా మూడూ కలుపుతారు. గాలికి కూడా లెక్కుంది. ఈ ఆటలో ఎదురుగాలి మనిషిని మోస్తుంది, వెనకగాలి కిందికి నెట్టేస్తుంది. అందుకే ఎదురుగాలి దొరికినవాడికి కోత పెడతారు, వెనకగాలి తగిలినవాడికి కలుపుతారు.

అసలు విద్య గాడి చివర ఉంది. పైన కడ్డీ మీద కూర్చున్న ఆటగాడు దాన్ని వదిలి, మోకాళ్లు మడిచి, ఛాతీ తొడలకు ఆనించి, చేతులు వెనక్కి పెట్టి జారతాడు. కిందికి వచ్చేసరికి వేగం గంటకు 90 కిలోమీటర్లు. అక్కడ అంచు పైకి లేచి ఉండి మనిషిని ఎగరేస్తుందని టీవీలో చూసేవాళ్లం అనుకుంటాం. నిజానికి ఆ అంచు కిందికే వాలి ఉంటుంది, పది పదకొండు డిగ్రీలు. పైకి లేపాల్సింది కాళ్లే. అందుకు దొరికే సమయం సెకనులో మూడో వంతు. ముందే లేస్తే గాలి ఛాతీకి కొట్టి వేగాన్ని తినేస్తుంది. ఆలస్యమైతే తన్నడానికి కాళ్ల కింద ఏమీ మిగలదు.

గాల్లోకి లేచాక ఒళ్లు స్కీల మీదికి వాలిపోవాలి. పరిగెత్తే బస్సు కిటికీలోంచి అరచెయ్యి చాపి కాస్త పైకి తిప్పితే చెయ్యి దానంతటదే లేస్తుంది చూడండి, అదే సూత్రం. స్కీకి బూటు వేళ్ల వైపు మాత్రమే గట్టిగా బిగించి ఉంటుంది. మడమ లేస్తుంది కాబట్టి మనిషి అంతగా వాలగలుగుతాడు. నోరియాకి అయితే మరీ అతి. తల రెండు స్కీల మధ్యకు దిగిపోయినట్టు, అరచేతులు విచ్చుకుని, ముక్కు మీద పడిపోతాడేమో అన్నట్టు ఎగురుతాడు. చూడ్డానికి భయమేస్తుంది.

అతను పుట్టింది 1972 జూన్‌లో, హొక్కైడో దీవిలోని షిమొకావా అనే చిన్న ఊళ్లో. ఆ ఫిబ్రవరిలోనే సప్పోరో ఒలింపిక్స్‌లో చిన్న కొండ పతకాలు మూడూ జపాన్ వాళ్లే ఊడ్చుకుపోయారు. పదహారేళ్లకే, 1988 డిసెంబరులో నోరియాకి ప్రపంచ కప్‌లో అడుగుపెట్టాడు. అప్పట్లో అందరూ రెండు స్కీలను పక్కపక్కనే ఉంచి ఎగిరేవారు, అతనూ అలాగే నేర్చుకున్నాడు. సరిగ్గా ఆ సీజన్‌లోనే స్వీడన్ ఆటగాడు యాన్ బొక్లోవ్ స్కీల ముందు కొసల్ని విడదీసి, ఇంగ్లిషు వి ఆకారంలో పెట్టి ఎగిరి ప్రపంచ కప్ ఎగరేసుకుపోయాడు. అందం చెడిందని జడ్జీలు మార్కులు కోస్తూనే ఉన్నారు. కోత పోను మిగిలిన దూరమే అతన్ని గెలిపించింది. అలా విప్పితే గాలి పట్టే వైశాల్యం పెరుగుతుంది మరి. 1992 ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్‌లో ఫిన్లాండ్ కుర్రాడు టోనీ నియెమినెన్ పదహారేళ్ల వయసులో ఇదే పద్ధతిలో స్వర్ణం గెలిచాక పాత పద్ధతికి నూకలు చెల్లాయి.

నోరియాకి కూడా చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన అలవాటును వదిలించుకున్నాడు. 1992 మార్చిలో హరాచోవ్‌లో, ఇంకా పెద్ద కొండల మీద ఆడే స్కీ ఫ్లయింగ్‌లో ప్రపంచ విజేత అయ్యాడు. ఇంకా ఇరవై నిండలేదు. ఆ తర్వాత కూడా ఆట ఊరుకోలేదు. సూట్ల కొలతలు బిగించారు. బరువు తగ్గితే దూరం పెరుగుతుందని ఆటగాళ్లు ఎముకల గూళ్లవుతుంటే, బరువు తక్కువున్నవాడి స్కీ పొడవు తగ్గించాలని నిబంధన తెచ్చారు. నా ఉద్దేశంలో అది ఎప్పుడో తేవాల్సిన నిబంధన. మార్పు వచ్చిన ప్రతిసారీ నోరియాకి మళ్లీ నేర్చుకున్నాడు. ఎనిమిది శీతాకాల ఒలింపిక్స్ ఆడాడని అతని గురించి గొప్పగా చెబుతారు. నాకు మాత్రం ఈ నేర్చుకోవడమే అంతకన్నా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

అదృష్టం కూడా కలిసిరాలేదు. 1994 లిలెహామర్‌లో నోరియాకి ఉన్న జపాన్ జట్టుకు స్వర్ణం చేతికొచ్చేసిందనుకున్న సమయంలో, ఆఖరి దూకులో మసాహికో హరాదా 97.5 మీటర్ల దగ్గరే దిగిపోయాడు. జట్టుకు వెండి మిగిలింది. 1998లో సొంతగడ్డ నగానోలో జపాన్ జట్టు స్వర్ణం గెలిచింది. ఆ నలుగురిలో హరాదా ఉన్నాడు, షిమొకావాకే చెందిన తకనొబు ఒకాబె ఉన్నాడు. నోరియాకి లేడు. మరో పదహారేళ్లకు సోచీలో పైన చెప్పిన వెండితో పాటు జట్టు కాంస్యం కూడా వచ్చింది. ఆ నవంబరులోనే ఫిన్లాండ్‌లోని రుకాలో, 42 ఏళ్ల వయసులో, స్విట్జర్లాండ్ ఆటగాడు సిమోన్ అమ్మన్‌తో సమానంగా నిలిచి ప్రపంచ కప్ పోటీ గెలిచాడు.

ఒలింపిక్ స్వర్ణం ఇప్పటికీ లేదు. అయినా ఆట మానలేదు. 2024 ఫిబ్రవరిలో సప్పోరోలో జరిగిన ప్రపంచ కప్‌కు అతను అర్హత సాధించి దూకాడు. అప్పటికి అతనికి 51 ఏళ్లు.