సహిత విద్య – తెలుగు పరిభాష: ప్రత్యేక విద్యా పట్టా చదువుపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
వైకల్యం గల పిల్లలకు బోధించేందుకు అవసరమైన ప్రత్యేక విద్యా పట్టా చదువు నేడు ప్రధానంగా ఇంగ్లీషు పరిభాషలో సాగుతున్నది. ఆ పట్టా పొందిన ఉపాధ్యాయుడు పనిచేసేది మాత్రం తెలుగు మాట్లాడే తల్లిదండ్రుల మధ్య. ఈ రెండింటి నడుమ ఉన్న భాషా వ్యవధానాన్ని కృష్ణా జిల్లా ఉయ్యూరు ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వ్యక్తులకు వాడే పేర్లు, విద్యావిధానాలకు వాడే పేర్లు, అక్షరదోషాల నిర్ధారణ అనే మూడు అంశాలను ఆధారం చేసుకొని, తెలుగు పరిభాషా నిర్మాణం ఈ పట్టా చదువులో భాగం కావాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రత్యేక విద్య, సహిత విద్య, వికలాంగులు, భవిత కేంద్రం, సదరం, అభ్యసన వైకల్యం.

1. ఉపోద్ఘాతం

భారత పునరావాస మండలి చట్టం 1992లో వచ్చింది. ప్రత్యేక విద్యా కోర్సులకు గుర్తింపునివ్వడం, పట్టభద్రుల పేర్లను కేంద్ర పునరావాస పట్టికలో నమోదు చేయడం ఈ మండలి బాధ్యతలు. 2015 నుండి ప్రత్యేక విద్యలో బి.ఇడి. రెండేళ్ల కోర్సుగా మారింది. తెలుగు నేలపై ఈ రంగానికి ప్రధాన కేంద్రం సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ.

పట్టా పూర్తయిన తరువాత పని మండల స్థాయికి చేరుతుంది. సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాలలో, ఇంటివద్ద విద్య అందుకునే పిల్లల గడపలలో సహిత విద్యా ఉపాధ్యాయులు ఒప్పంద పద్ధతిపై పనిచేస్తున్నారు. చెరకు, వరి సాగుపై, చక్కెర కర్మాగారంపై ఆధారపడి పెరిగిన ఉయ్యూరు వంటి పట్టణంలో ఆ ఉపాధ్యాయునికి ఎదురయ్యేది కూలికి వెళ్లివచ్చిన తల్లి, కౌలురైతు, మనవణ్ణి పెంచుతున్న అమ్మమ్మ. వారికి బిడ్డ స్థితిని వివరించవలసిన మాటలు పాఠ్యప్రణాళికలో ఎంతవరకు ఉన్నాయన్నది ఈ పరిశీలనకు మూలప్రశ్న.

2. వ్యక్తివాచకాలు: అంగం చుట్టూ తిరిగిన పదాలు

తెలుగు వాడుకలో వైకల్యం చాలాకాలం సామెతగానే బతికింది. ‘చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు’ అన్నప్పుడు చెవిటితనం నిష్ఫలతకు ఉపమానం. ‘ఎడ్డె’, ‘మొద్దు’, ‘వెర్రిబాగుల’ వంటి మాటలలో బుద్ధిలోపం తిట్టుగా మారింది. వీటి స్థానంలో పరిపాలన ప్రవేశపెట్టిన గౌరవపదం ‘వికలాంగుడు’. వికలమైన అంగం కలవాడని దీని విగ్రహార్థం.

1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించగా, 2016 నాటి హక్కుల చట్టం వాటిని 21కి పెంచింది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, తలసేమియా, హీమోఫిలియా అందులో చేరాయి. వీటిలో వికలమైన అంగమేదో చూపలేము. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి సూచనతో ప్రచారంలోకి వచ్చిన ‘దివ్యాంగులు’ అనే పదం విశేషణాన్ని మార్చిందే గాని అంగాన్ని విడువలేదు. ‘వికల’ స్థానంలో ‘దివ్య’ వచ్చినా అక్షరాలు కూడబలుక్కోలేని మూడో తరగతి బాలుడు ఆ పేరులోనూ ఇమడడు. దివ్యత్వాన్ని ఆపాదించిన చోట హక్కును అడగడం కూడా కష్టమే. దేవునికి మొక్కు చెల్లిస్తారు, బాకీ చెల్లించరు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శాఖ పేరులో కనిపించే ‘విభిన్న ప్రతిభావంతులు’ అన్న పదానికి మరో చిక్కు ఉంది. అది గౌరవానికి ప్రతిభను షరతుగా పెడుతుంది. బహుళ వైకల్యంతో మంచంమీదే ఉండే బిడ్డ తల్లికి ఆ పదం ఊరట కాకపోగా, లేని ప్రతిభను చూపవలసిన భారమవుతుంది.

బ్రిటన్‌లో 1978 నాటి వార్నాక్ నివేదిక ప్రచారంలోకి తెచ్చిన భావనకు అనువాదమైన ‘ప్రత్యేక అవసరాలు గల పిల్లలు’ వీటికన్నా ఉపయుక్తం. అవసరం అన్న మాట దానిని తీర్చవలసినవారి వైపు వేలు చూపుతుంది. ‘ప్రత్యేక’ అన్న విశేషణంలో వేరుపాటు ధ్వనిస్తుందన్న ఆక్షేపణను కాదనలేము. అయినా లోపాన్ని బిడ్డలో మాత్రమే వెదకని పదం ఇదే.

పేర్ల మార్పు వృథా శ్రమ అనే వాదం ఒకటుంది. కొత్త పదమూ కొన్నాళ్లకు తిట్టవుతుందని ఆ వాదుల అభిప్రాయం. ఇందులో కొంత నిజముంది. కాని అమెరికా 2010లో రోసా చట్టం ద్వారా, భారత్ 2016 చట్టం ద్వారా ‘బుద్ధిమాంద్యం’ అన్న అర్థమిచ్చే పదాన్ని తొలగించి ‘మేధో వైకల్యం’ అన్న భావనను స్వీకరించాయి. మాంద్యం మొత్తం వ్యక్తిని నిర్వచిస్తుంది. మేధో వైకల్యం అతనిలో ఒక అంశాన్ని గుర్తిస్తుంది. ఏ మార్పు అర్థాన్ని మారుస్తుందో, ఏది పూత మాత్రమేనో వివేచించడం విమర్శ చేయవలసిన పని.

3. సమీకృతం, సమ్మిళితం, సహితం

విద్యావిధానాల పేర్లలో తెలుగు కొంత మెరుగైన నిర్ణయం చేసింది. 1974లో కేంద్రం ప్రారంభించిన పథకం లక్ష్యం ‘సమీకృత విద్య’. బిడ్డను ఉన్న బడికి తగినట్లు సిద్ధం చేసి చేర్చడం అందులోని భావన. 1994 సలమాంకా ప్రకటన తరువాత బడే బిడ్డకు తగినట్లు మారాలన్న దృష్టి బలపడింది. దీనికి తెలుగులో ‘సమ్మిళిత విద్య’, ‘సహిత విద్య’ అని రెండు పదాలు ప్రచారంలో ఉన్నాయి.

మిళితమైనది తన వేరు ఉనికిని కోల్పోవచ్చు. సహితమైనది తానుగా ఉంటూనే తోడుగా ఉంటుంది. సహితస్య భావమే సాహిత్యమని అలంకారికులు చెప్పిన వ్యుత్పత్తి ఇక్కడ స్మరణీయం. శబ్దం అర్థంలో కరిగిపోదు, అర్థం శబ్దాన్ని విడిచి నిలువదు. సైగలతో మాట్లాడే బాలిక, చెవులు వినే పిల్లల తరగతిలో తన సైగ భాషతోనే ఉండగలగడం సహిత విద్య. ఆమె కూడా అందరిలా పెదవులు కదపాలని పట్టుబట్టడం సమ్మేళనం. ఈ భేదాన్ని వివరించడానికి ఇంగ్లీషు పాఠ్యగ్రంథానికన్నా తెలుగు పదమే ఎక్కువ ఉపకరిస్తుంది. పట్టా విద్యార్థికి ఈ పదాన్ని కేవలం అనువాదంగా అందించడం వల్ల అందులోని ఆలోచన అందకుండా పోతున్నది.

4. అక్షరదోషమా? అభ్యసన వైకల్యమా?

పరిభాషా లోపం అత్యంత ప్రమాదకరంగా పరిణమించేది నిర్ధారణలో. ఇంగ్లీషు గ్రంథాలు డిస్లెక్సియాకు ఉదాహరణగా బి–డి, పి–క్యూ అక్షరాల తారుమారును చూపుతాయి. తెలుగు లిపిలో అటువంటి అద్దపు జంటలు ప్రధానం కావు. ఇక్కడ తడబాటు చిన్న గీతల వద్ద, గుణింతాల వద్ద, వత్తుల వద్ద కలుగుతుంది. ప–వ, మ–య, ద–ధ–థ, ర–ఠ జంటలు పోలికతో చిక్కు పెడతాయి. ‘అమ్మ’ను ‘అమ’ అని రాయడం వత్తును విడవడం.

బ–భ వంటి పొరపాట్లకు మరో కారణముంది. వాడుక ఉచ్చారణలో మహాప్రాణాలు తరచుగా అల్పప్రాణాలవుతాయి. ఇంట్లో ‘బూమి’ అని విన్న బిడ్డ అలాగే రాస్తే అది మాండలిక ధర్మం. దానిని మెదడు పనితీరులోని భేదంగా లెక్కిస్తే పేద ఇంటి బిడ్డకు అకారణంగా ముద్ర పడుతుంది. దీనికి విరుద్ధంగా, నిజంగా అభ్యసన వైకల్యం ఉన్న బిడ్డను ‘శ్రద్ధ లేదు’ అని వదిలివేసే ప్రమాదమూ ఉంది.

మానేసర్‌లోని జాతీయ మస్తిష్క పరిశోధన కేంద్రం రూపొందించిన డాలి పరీక్ష తొలుత హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషలలో వెలువడింది. కన్నడ లిపి తెలుగుకు చేరువైనదే. అయినా పదజాలం, సంధి, ప్రాంతీయ ఉచ్చారణ వేరు కనుక అనువాదం చాలదు. ఏ తరగతి బిడ్డకు ఏ దోషం సహజమో తెలుగు బోధనానుభవం, భాషాశాస్త్రం కలిసి తేల్చాలి. ఈ పని తెలుగు శాఖలది కూడా.

5. శాతం – ప్రణాళిక

పల్లెలో వైకల్యం గురించి ప్రచారంలో ఉన్న మాట పైన చర్చించిన పదాలలో ఏదీ కాదు. అది ‘శాతం’. చట్టం 40 శాతాన్ని ప్రమాణ వైకల్యంగా నిర్ణయించింది. సదరం శిబిరం నుండి వచ్చిన కుటుంబాన్ని ఇరుగుపొరుగు అడిగే ప్రశ్న ‘ఎంత శాతం వచ్చింది?’. పింఛను దానిపై ఆధారపడి ఉన్నందున ఆ ప్రశ్న సహేతుకమే. కాని ఆ అంకె ఉపాధ్యాయునికి చెప్పేది స్వల్పం.

పట్టా చదువు నేర్పే ప్రధాన నైపుణ్యం వ్యక్తిగత విద్యా ప్రణాళిక. బిడ్డ ఏమి చేయగలడు, తరువాత ఏమి నేర్పాలి, ఎలా నేర్పాలి అన్నది అందులో ఉంటుంది. ఉయ్యూరు బిడ్డకు ఆ ప్రణాళికలో విజయవాడ, మచిలీపట్నం బస్సుల బోర్డులను గుర్తించడం ఉండవచ్చు. మాఘమాసంలో వీరమ్మతల్లి తిరునాళ్ల నాటి డప్పుల మోతకు బెదిరే ఆటిజం బాలుణ్ణి ముందుగా సిద్ధం చేయడం ఉండవచ్చు. ఇవి ఇంగ్లీషు నమూనాలలో దొరకవు. ప్రణాళిక తల్లి చదవగలిగిన తెలుగులో లేకపోతే అది దస్త్రంగానే మిగులుతుంది.

భాష ఒక్కటే సమస్యను తీర్చదన్నది స్పష్టం. ప్రత్యేక ఉపాధ్యాయుల నిష్పత్తిని నిర్ణయించి శాశ్వత పోస్టులు సృష్టించాలని రజనీష్ కుమార్ పాండే వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం 2021 అక్టోబరు 28న ఆదేశించింది. 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్లీ హెచ్చరించవలసి వచ్చింది. ఒప్పందం ఏటేటా పునరుద్ధరించుకోవలసిన ఉపాధ్యాయుడు మూడేళ్ల ప్రణాళిక రాయడం ఎలా అన్నది న్యాయమైన ప్రశ్న. అయితే రేపు పోస్టులు వచ్చినా, వాటిలో చేరేవారికి తల్లితో మాట్లాడే భాష అందించవలసింది విశ్వవిద్యాలయాలే.

6. ముగింపు

1. ‘వికలాంగులు’, ‘దివ్యాంగులు’ అనే రెండు పదాలూ అంగప్రధానమైనవి; 2016 చట్ట పరిధికి సరిపోవు.
2. ‘సహిత విద్య’ భావస్పష్టత గల పదం. దానిని ‘సమ్మిళిత’తో పర్యాయంగా వాడడం తగదు.
3. తెలుగు లిపి, మాండలిక ఉచ్చారణల ఆధారంగా అభ్యసన వైకల్య నిర్ధారణ సామగ్రి రూపొందాలి.
4. విద్యా ప్రణాళికను తల్లిదండ్రుల భాషలో రాయడం పట్టా చదువులో మూల్యాంకనం చేయదగిన అంశం కావాలి.

మచిలీపట్నంలో 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయ పరిధిలోని తెలుగు అధ్యాపకులు, సమీప మండలాల సహిత విద్యా ఉపాధ్యాయులు కలిసి కూర్చుంటే ఈ పదకోశం పని ఆరంభించవచ్చు. తల్లులు బిడ్డల గురించి వాడే మాటల సేకరణ దానికి తొలిమెట్టు. ‘పిలిస్తే పలకడు గాని పాట వస్తే పరుగెత్తుకొస్తాడు’ అని ఒక తల్లి చెప్పగలిగిన వాక్యంలో పరీక్షకునికి కావలసిన పరిశీలన ఉంది. ఆ వాక్యాన్ని వినగల శిక్షణ పట్టాలో భాగమైనప్పుడు ప్రత్యేక విద్య తెలుగు విద్య కూడా అవుతుంది.