పాషండునితో మాట్లాడవచ్చునా? ఒక నిందాపదపు అర్థపరిణామం

ప్రాచీన కావ్యపాఠంలో ‘పాషండులు’ అన్న మాట తగిలినప్పుడు మనం ‘వేదబాహ్యులు’ అనో ‘నాస్తికులు’ అనో అర్థం రాసుకొని ముందుకు సాగిపోతాం. ఈ వ్యాసకర్త కూడా చాలాకాలం తరగతిలో అలాగే చెప్పాడు. ఆ అర్థం తప్పు కాదు. అది ఏ కాలానిది, ఎవరు ఎవరిని అన్న మాట అని అడగకపోవడమే తప్పు. నిందాపదానికి నిఘంటువు ఇచ్చే అర్థం కంటే, ఆ పేరు పడ్డవాడితో ఎలా మెలగాలని అది వినేవాడిని ఆదేశిస్తుందన్నదే ముఖ్యం. ‘పాషండ’ శబ్దచరిత్రను ఈ కోణం నుంచి చూస్తే ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ ఎదురవుతుంది: అతనితో మాట్లాడవచ్చునా?

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుని పద్నాలుగు ప్రధాన శిలాశాసనాల పాఠం ఉంది. క్రీ.పూ. 3వ శతాబ్దికి చెందిన ఆ శాసనాలలో ‘పాసండ’ అన్నది నింద కాదు. ఒక బోధను అనుసరించే వర్గం ఏదైనా పాసండమే. రాజు సకల పాసండాలను, వాటిలోని ప్రవ్రజితులను, గృహస్థులను పూజిస్తానంటాడు. పన్నెండవ శాసనంలో అంతకంటే నిర్దిష్టమైన మాట ఉంది. దానాలకంటే, పూజలకంటే అన్ని పాసండాల సారం వృద్ధి చెందడమే తనకు ముఖ్యమని, దానికి మూలం వాక్కును అదుపులో పెట్టుకోవడమని అంటాడు. తన పాసండాన్ని అకారణంగా పొగడరాదు, పరుల పాసండాన్ని అకారణంగా తెగడరాదు, ఒకరి ధర్మాన్ని ఒకరు వినాలి. ‘ఆత్మపాసండం’ అన్న పదబంధమే ఇక్కడ గొప్ప సాక్ష్యం. తన సొంత మార్గాన్ని కూడా మనిషి అదే పేరుతో పిలుచుకోగలిగిన కాలమది. కళింగరాజు ఖారవేలుడు హాథిగుంఫా శాసనంలో తనను సర్వపాసండ పూజకుడిగా చెప్పుకున్నాడు. అతడు జైనుడు.

ఈ శాసనాలను తెలుగులో వివరించేటప్పుడు ‘పాసండ’కు ‘మతం’ అని, మొత్తం బోధకు ‘పరమత సహనం’ అని రాయడం పరిపాటి. సదుద్దేశంతో జరిగే ఈ అనువాదం రెండు విధాల నష్టం చేస్తుంది. ‘మతం’ అనగానే మనకు నేటి జనాభా లెక్కల పట్టికలోని గడులు గుర్తుకొస్తాయి. అశోకుని ఎదుట ఉన్నవి బ్రాహ్మణ, ఆజీవిక, నిర్గ్రంథ, బౌద్ధ సంఘ వర్గాలు. రెండవది ఇంకా ముఖ్యం. సహించడం అంటే ఇష్టంలేనిదాన్ని ఓర్చుకోవడం. శాసనం కోరుతున్నది ఓర్పు కాదు, శ్రవణం.

అయితే ఒకప్పుడు అంతా సామరస్యమే, తర్వాత పతనమే అని చెప్పడం కూడా సరికాదు. కౌటిలీయ అర్థశాస్త్రం ఒకచోట పాషండులకు, చండాలులకు శ్మశానపు అంచున నివాసం కేటాయిస్తుంది. మరోచోట ఆశ్రమవాసులు, పాషండులు ఒకరినొకరు బాధించుకోకుండా విశాలమైన స్థలంలో ఉండాలంటుంది. ఒకే గ్రంథంలో ఒకే మాట ఊరి బయటి వెలివాడనూ, రాజ్యం గుర్తించిన వర్గాన్నీ సూచిస్తున్నది. గౌరవం, నింద కొంతకాలం పక్కపక్కనే నడిచాయన్నమాట.

మనుస్మృతిలో ఈ సందిగ్ధం లేదు. నాలుగవ అధ్యాయంలో పాషండులను మాటతోనైనా గౌరవించరాదని గృహస్థుకు, తొమ్మిదవ అధ్యాయంలో జూదరులతో పాటు వారిని పురం నుంచి వెళ్లగొట్టాలని రాజుకు విధిస్తుంది. శాసనంలో కలిసి కనిపించిన పూజ, వాక్కు రెండూ ఇక్కడ కలిసే నిషేధానికి గురయ్యాయి. ఇది అశోకునికి నేరుగా ఇచ్చిన జవాబు అని నిరూపించలేం. కాని రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే వాదం ఏ బిందువు చుట్టూ తిరుగుతున్నదో స్పష్టమవుతుంది.

విష్ణుపురాణం మూడవ అంశంలోని శతధనువు కథ ఈ నిషేధానికి చరమరూపం. ఉపవాసంలో ఉన్న రాజదంపతులకు ఒక పాషండుడు ఎదురవుతాడు. అతడు రాజుగారి ధనుర్విద్యాచార్యునికి మిత్రుడు. ఆ గౌరవంతో రాజు అతనితో మాట్లాడతాడు. రాణి శైబ్య మౌనంగా సూర్యుని వైపు చూస్తుంది. అంతే దోషం. రాజు కుక్కగా, నక్కగా, తోడేలుగా, గద్దగా, కాకిగా, నెమలిగా పుట్టవలసి వస్తుంది. పూర్వజన్మ స్మృతి గల రాణి ప్రతి జన్మలోనూ అతనికి తప్పు గుర్తుచేస్తుంది. పాషండుడు ఏమి బోధించాడో కథ చెప్పదు. వాదం జరగలేదు, ఎవరూ మతం మారలేదు. ఆచార్యుని స్నేహితుడిని పలకరించడమనే లోకమర్యాదే ఇక్కడ పాపం. చెప్పదలచినది ధర్మభీతి కావచ్చు. కాని కథ తెలియకుండానే ఇంకొకటి కూడా చెబుతున్నది. రాజు గురువుకు పాషండ మిత్రుడు ఉండటం ఆ సమాజంలో వింత కాదు. ఇంత కఠినమైన శిక్ష అవసరమైందంటే మాటలు సాగుతూనే ఉన్నాయన్నమాట.

మాట బిగుసుకున్నాక దానికి తగిన వ్యుత్పత్తి పుట్టింది. ‘పా’ అంటే త్రయీధర్మమని, దాన్ని ఖండించేవాడు పాఖండుడని తర్వాతి వ్యాఖ్యాతలు చెప్పారు. పదం మొదటి నుంచీ తిట్టే అన్న భ్రమను ఇది స్థిరపరిచింది. అమరకోశం మాత్రం పాషండులంటే సర్వలింగులని, అంటే నానా విధాల చిహ్నాలు ధరించేవారని ఊరుకుంది.

ఇక ఆ ముద్ర ఎవరి నుదుట పడిందన్నది చూడాలి. 15వ శతాబ్దిలో నంది మల్లయ, ఘంట సింగన తెలుగు చేసిన ‘ప్రబోధచంద్రోదయం’లో, మూలంలో లాగే, దిగంబరుడు, బౌద్ధభిక్షువుతో పాటు కాపాలికుడూ అవతలి పక్షంలోనే ఉంటాడు. అక్కడ ‘పాషండులు = జైన బౌద్ధులు’ అన్న అర్థం చాలదు. పద్మపురాణం ఉత్తరఖండం మాయావాదాన్నే ప్రచ్ఛన్న బౌద్ధమంది. వేదాంతం చెప్పినవాడికీ రక్షణ లేదు. వీరశైవులు తమ వంతుగా లింగధారణ లేనివాడిని ‘భవి’ అన్నారు. ‘భవంలో ఉన్నవాడు’ అన్న ఈ మాటలో శబ్దపరంగా తిట్టేమీ లేదు. అయినా భవితో పంక్తి, పొత్తు కూడవు. వేదం చదివిన బ్రాహ్మణుడు కూడా ఈ లెక్కలో భవియే. పాల్కురికి సోమనాథుని చదివేటప్పుడు ఈ మాటను ‘అన్యమతస్థుడు’ అని మెత్తబరచడం కవికి ఉపకారం చేసినట్లు కాదు. 1867లో హరిద్వార కుంభమేళాలో దయానంద సరస్వతి ‘పాఖండ ఖండినీ పతాక’ ఎత్తినప్పుడు బాణం పూర్తిగా వెనుదిరిగింది. ఈసారి లక్ష్యం పౌరాణికాచారాలే. నేటి హిందీలో ‘పాఖండ్’ అంటే కపటం. విశ్వాసాన్ని గురించిన నింద నడవడికను గురించిన నిందగా మారింది.

‘నాస్తిక’ పదం నడక వేరు. పాణిని దృష్టిలో అది ‘లేదు’ అనే అభిప్రాయం గలవాడికి పేరు మాత్రమే. మనువు వేదనిందకుణ్ణి నాస్తికుడన్నాడు. ఈశ్వరుని ఒప్పుకోని సాంఖ్యులు, మీమాంసకులు ఆ కొలతలో ఆస్తికులే. 1940లో ముదునూరులో గోరా స్థాపించి, 1947లో విజయవాడకు తరలించిన సంస్థకు ‘నాస్తిక కేంద్రం’ అని పేరు పెట్టినప్పుడు ఆ మాట బోర్డు మీదికి ఎక్కింది. తిట్టును తనవాడే తలకెత్తుకుంటే దాని పదును పోతుంది. ‘పాషండ’కు అటువంటి వారసుడు దొరకలేదు.

వ్యవహారంలో ఇందుకు విపర్యయం ఉంది. ‘సన్నాసి’ అంటే పనికిమాలినవాడు. ఉత్తరాంధ్రలో మాత్రం సన్యాసిరావు, సన్యాసమ్మ అని భక్తితో పేర్లు పెట్టుకుంటారు. ఒకే శబ్దం ఒక ఇంట మొక్కు, మరో ఇంట తిట్టు.

పాసండాలన్నింటినీ పూజిస్తానన్న రాజు బిరుదుకూ ఈ గతే పట్టింది. ‘దేవానాంప్రియ’ను కాత్యాయనుడు సమాసవిశేషంగా మాత్రమే గుర్తించాడు. శంకరుడు బ్రహ్మసూత్రభాష్యంలో ప్రతివాదిని అదే మాటతో ఎద్దేవా చేశాడు. భట్టోజీ దీక్షితుని ‘సిద్ధాంతకౌముది’ నాటికి దాని అర్థం మూర్ఖుడు. సింహళంలో అదే బిరుదు ధరించిన తిస్సరాజును బౌద్ధులు ఇప్పటికీ ఆ పేరుతోనే గౌరవంగా తలచుకుంటారు.