మిలిటరీ తాతయ్యకి మీసాలేనా?

మన కథల్లో మిలిటరీ తాతయ్య ఎలా ఉంటాడో మీకు నేను చెప్పాలా? గుబురు మీసాలు, ఖాకీ నిక్కరు, గోడకో తుపాకి, సాయంత్రమయ్యేసరికి రమ్ము సీసా. ఆయన "బర్మాలో..." అనగానే పిల్లలు పరారు. "మళ్ళీ మొదలెట్టారూ!" అంటూ బామ్మగారు కాఫీ గ్లాసు ఠక్కున పెట్టేసి లోపలికి పోతుంది. మనం నవ్వుకుని పేజీ తిప్పేస్తాం.

నేనూ నవ్వినదాన్నే. కాని ఆమధ్య గుంటూరు జిల్లాలో ఓ పల్లెకి వెళ్ళినప్పుడు, మిరపకాయలు ఆరబోసిన వాకిట్లో కూచుని ఒకావిడ తన తాతగారి సంగతి చెప్పింది. యుద్ధంలో ఆయన బాంబరు విమానంలో నావిగేటరట. "ఆయన పెట్టెలో తుపాకి లేదండీ. పెన్సిలూ, స్కేలూ, మడతలు చిరిగిన మ్యాపూ ఉన్నాయి" అంది.

నావిగేటరంటే దారి చెప్పేవాడు. రోడ్డూ మైలురాయీ లేని ఆకాశంలో వేగం, దిక్కు, కాలం, గాలి లెక్కగట్టి ఎక్కడున్నారో తేల్చాలి. కల్లంలో తూర్పారబట్టే రైతు గాలివాటం చూసుకోకపోతే గింజా పొల్లూ ఒక్కటవుతాయి. ఇక్కడ లెక్క తప్పితే విమానం ఇల్లు చేరదు. లేదా బాంబు ఇంకెవరి ఇంటిమీదో పడుతుంది.

ఇదేదో దొరల కథ అనుకోకండి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ ఏడే డిసెంబరు 1న, అదే విశాఖలో మన వైమానికదళం 7వ స్క్వాడ్రన్ ఏర్పడింది. వాళ్ళకిచ్చినవి వెంజియెన్స్ అనే డైవ్ బాంబర్లు. ముందు పైలటు, వెనక మరొకడు, అంతే మనుషులు. 1944లో ఆ స్క్వాడ్రన్ బర్మా యుద్ధంలో పాల్గొంది. బాంబుల కింద వణికిన ఊరే బాంబులు మోసేవాళ్ళనీ చూసిందన్నమాట! ఇంత కథ ఉండగా మన రచయితలు మీసాల దగ్గరే ఆగిపోతే ఎలా?

నవ్వించకూడదని కాదు నా గోల. బాంబరులో 60 సార్లు దాడికి వెళ్ళొచ్చిన అమెరికన్ జోసెఫ్ హెల్లర్ 1961లో 'క్యాచ్-22' రాశాడు. 1945లో డ్రెస్డెన్ మీద బాంబులు కురిసినప్పుడు కింద ఖైదీగా ఉన్న కర్ట్ వానెగట్ 1969లో 'స్లాటర్‌హౌస్-ఫైవ్' రాశాడు. పైనున్నవాడూ నవ్వించాడు, కిందున్నవాడూ నవ్వించాడు. అయితే వాళ్ళు నవ్వింది యుద్ధాన్ని చూసి. మనం తాతయ్యని చూసి నవ్వుతున్నాం.

"కింద ఉన్నవాళ్ళని గురించి మీ తాతగారు ఎప్పుడైనా అన్నారా?" అని అడిగాను ఆవిణ్ణి.

"మాతో అనలేదండీ. అమ్మమ్మతో ఒక్కసారి చెప్పారట. అదేమిటో ఆవిడ మాకు చెప్పనేలేదు."

అప్పట్నించీ కథల్లో బామ్మగారి విసుగు చూస్తే నాకు అనుమానమే. ఆ కథ ఎక్కడికి పోతుందో ఆవిడకి తెలుసు కాబోలు. అక్కడికి పోకుండానే కాఫీ గ్లాసు అడ్డం పెడుతోందేమో! ఆవిణ్ణి అడిగిన రచయిత నేను చదివినంతలో కనబడలేదు.

మీ అటకమీద అలాంటి పెట్టె ఏదైనా ఉంటే ఓసారి దింపి చూడండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే, తొందరపెట్టకుండా పక్కన కూచోండి.