తెలిసి పడినవాడు

పీణ్య మెట్రో స్టేషను దిగి తుమకూరు రోడ్డు వెంట దాసరహళ్లి వైపు నడుస్తుంటే గోడల మీద ఒక రకం పోస్టరు తరచూ కంటబడుతుంది. పైన కన్నడంలో ‘కురుక్షేత్ర’ అని పెద్దక్షరాలు, కింద వరుసగా కిరీటాలు పెట్టుకున్న ముఖాలు. పేరున్న నటులు కారు వాళ్లు. లేత్ మిషన్ మీద పనిచేసేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, చుట్టుపక్కల పల్లెల రైతులు. నెలల తరబడి హార్మోనియం మేష్టారి దగ్గర పద్యాలు నేర్చుకుని, వేషానికింత అని తామే డబ్బు కట్టి, ఒక్క రాత్రి ఆడతారు. ఎక్కువ ధర పలికే వేషాల్లో దుర్యోధనుడిది ఒకటి.

చివరికి తొడలు విరిగి కూలిపోయే వేషానికి ఎందుకంత మోజు?

తుమకూరు దాటి వెళ్తే గుబ్బి. ఆ ఊరి నాటక కంపెనీని నడిపిన వీరణ్ణ 1934లో ‘కురుక్షేత్ర’ను నిజం ఏనుగులతో, గుర్రాలతో ఆడించాడు. ఆ వైభవం ఈ మోజుకు కొంత కారణం కావచ్చు. అసలు కారణం మాత్రం పద్యంలో ఉందని నా నమ్మకం. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి పీణ్య షెడ్లలో పనికొచ్చిన మనవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ విని పెరిగిన చెవులు వాళ్లవి.

సీసపద్యాన్నే తీసుకోండి. నాలుగు పెద్ద పాదాలు. మంచి నటుడు మొదటి పాదాన్ని దాదాపు మాటలా చెబుతాడు, పదాలు విడగొట్టి, అర్థం చివరి వరసలో కూర్చున్న ముసలమ్మకూ అందేలా. రెండో పాదానికి గొంతు లేస్తుంది. నాలుగో పాదానికి రాజ్యమంతా తనదే అన్నంత ఎత్తుకు పోతుంది. అక్కడ ఎత్తుగీతి వస్తుంది. పాదాలు పొట్టివైపోతాయి, నడక మారుతుంది. ఆశ ఎంత పొడుగో, పడే చోటు ఎంత దగ్గరో ఛందస్సే చూపించేస్తుంది. అది వింటున్నప్పుడు దుర్యోధనుణ్ణి అసహ్యించుకోవడం ఎవరితరం?

దుర్యోధనుడిలాంటివాడే షేక్‌స్పియర్ మాక్బెత్. అతని కథ కన్నడంలోకి వచ్చినప్పుడు రచయిత శ్రీకంఠేశగౌడ ఆ నాటకానికి ‘ప్రతాపరుద్రదేవ’ అని పేరు పెట్టాడు. మనకు కాకతీయ రాజుగా తెలిసిన పేరు! మాక్బెత్‌ను మంత్రగత్తెలు ఊరిస్తారు, భార్య ఎగదోస్తుంది. దుర్యోధనుడికి శకుని పాచికలు అందించాడు గానీ, కోరిక పుట్టింది మాత్రం మయసభను చూసిన తన కళ్లలోనే. ఇద్దరికీ ఒక పోలిక ఉంది. చేసేది తప్పని ఇద్దరికీ తెలుసు. తెలియక పడినవాడి మీద జాలిపడి ఊరుకుంటాం. తెలిసి పడినవాడిలో మనకు మనమే కనిపిస్తాం.

ఈ సంగతిని కన్నడ కవి రన్నడు పదో శతాబ్దంలోనే పట్టుకున్నాడు. ఆయన ‘గదాయుద్ధం’లో దుర్యోధనుడు శవాల మధ్య నడుస్తాడు. ద్రోణుడు, కర్ణుడు, తమ్ముడు దుశ్శాసనుడు, కన్నకొడుకు లక్ష్మణుడు. శత్రువైన అభిమన్యుడి శవం దగ్గరా ఆగి, ఆ వీరత్వానికి చేతులు జోడిస్తాడు. బి.ఎం. శ్రీకంఠయ్య 1926లో ఆ కావ్యాన్నే నాటకంగా మలిచాడు. గ్రీకు విషాదాంత నాటకాలు ఆకళించుకున్న మనిషి ఆయన, తర్వాత సోఫోక్లిస్ ‘ఏజాక్స్’ను ‘అశ్వత్థామన్’గా రాశాడు. తెలుగు నాటకం వైపు చూస్తే బళ్లారి ఉంది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘విషాద సారంగధర’తో తెలుగు రంగస్థలం మీద విషాదాంతానికి దారి వేసింది అక్కడే.

ధర్మవరం వారి మేనల్లుడు, నటుడు బళ్లారి రాఘవ రాగం సాగదీయడాన్ని ఇష్టపడలేదు. భావం ముందు, రాగం తర్వాత అన్నది ఆయన పట్టు. పూర్తిగా ఒప్పుకోలేను గానీ, ఒక్కచోట రాఘవదే న్యాయం. దుర్యోధనుడు పడిపోయాక ‘వన్స్‌మోర్’ అడగకూడదు. తొడలు విరిగినవాడు లేచి మళ్లీ పాడితే రాత్రంతా పేర్చుకొచ్చిన విషాదం చెదిరిపోతుంది.

గొప్ప నటుడు ఆ చివరి పద్యాన్ని నేల మీద ఒరిగి, కింది స్థాయిలో అందుకుంటాడు. హార్మోనియం దాదాపు ఆగిపోతుంది. రాత్రంతా ఆడే నాటకంలో ఆ ఘట్టం వచ్చేసరికి తూరుపు తెల్లబడుతుంది. రంగు కడుక్కుని మొదటి షిఫ్టుకు వెళ్లాల్సినవాడు ఇంకా ఆ మట్టిలోనే పడుకుని, గద చేతికందే దూరంలో ఉన్నా తీసుకోకుండా, ఊపిరి బిగబట్టి ఉంటాడు.